మీరడిగారు, చెబుతున్నాం: ఆటలకు ఆతిథ్యమిచ్చే ఊళ్లు

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. ప్యారిస్ 2024ను 33వ ఒలింపిక్స్ అని పుస్తకంలో ఉంది. 1896 నుంచి లెక్కపెడితే నాకు 30 వస్తున్నాయి. ఏది రాయాలి?
(ఒక పాఠకురాలు, దేవరకొండ)

జవాబు: మీ లెక్క తప్పు కాదమ్మా, పుస్తకమూ తప్పు కాదు. యుద్ధాల వల్ల 1916, 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. అయినా వాటి వరుస సంఖ్యలను అలాగే ఉంచారు. అందుకే ‘ఎన్నోది’ అంటే 33, ‘ఎన్ని జరిగాయి’ అంటే 30. శీతాకాల ఒలింపిక్స్‌కు ఈ పద్ధతి లేదు, అక్కడ జరిగినవే లెక్క. ఏడాది దగ్గరా జాగ్రత్త: టోక్యో 2020 జరిగింది 2021లో, హాంగ్‌ఝౌ 2022 ఆసియా క్రీడలు జరిగింది 2023లో. పేరులో పాత ఏడాదే ఉంటుంది.

ప్రశ్న: ఆసియా క్రీడలు బ్యాంకాక్‌లోనే నాలుగుసార్లు ఎందుకు పెట్టారు?
(ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: 1966, 1998 బ్యాంకాక్ సొంత వంతులు. 1970 సియోల్‌కు, 1978 ఇస్లామాబాద్‌కు దక్కినవి. ఆ రెండూ చేతులెత్తేశాక, 1966 నాటి ఏర్పాట్లు ఉన్న బ్యాంకాక్ ఆదుకుంది. 2018 వంతును హనోయ్ వదులుకుంటే జకార్తా, పాలెంబాంగ్ తీసుకున్నాయి.

ప్రశ్న: ఇంత పెద్ద క్రీడలను ఒకే మహానగరానికి ఇచ్చే బదులు మనలాంటి జిల్లాలకు పంచవచ్చు కదా? మా బడి మైదానంలో కొలతల ప్రకారం 400 మీటర్ల ట్రాక్ వేయాలనుకుంటున్నాం, పద్ధతి చెప్పండి.
(ఒక పీఈటీ, మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: పంచే ప్రయత్నం ఈమధ్యే ఒకటి చెడింది సార్. 2026 కామన్వెల్త్ క్రీడలను ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం జీలాంగ్, బల్లారట్, బెండిగో వంటి ఊళ్లలో పెడతామని ఒప్పుకుంది. ప్రతి ఊళ్లోనూ వేదికలు, క్రీడాకారులకు బస, రవాణా విడివిడిగా కావాలి. 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 600 కోట్లు దాటిందని ప్రభుత్వం 2023 జూలైలో తప్పుకుంది. ఆ క్రీడలు గ్లాస్గోకు వెళ్లాయి: పది ఆటలు, నాలుగు వేదికలు, అన్నీ ముందే ఉన్నవి. స్టేడియం ఒక్కటి కట్టడం పెద్ద పని కాదు. వేల మందికి ఒకేచోట పడకలు, రాత్రి పదింటికి పోటీ ముగిశాక కూడా నడిచే బస్సులు, పక్కనే వార్మప్ ట్రాక్ కావాలి. జిల్లా కేంద్రాలకు అందనివి అవే. హైదరాబాద్ 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు నడిపిందంటే ఇవి కొంతైనా ఉండబట్టే. జిల్లాల అసలు వాటా పరిగెత్తే పిల్లలను తయారుచేయడం. దానికి మీరు అడిగిన ట్రాకే మొదటి మెట్టు, కాబట్టి వివరంగా చెబుతాం.

ఎనిమిది లేన్లకు, చుట్టూ మీటరు వదిలితే, సుమారు 180 మీటర్ల పొడవు, 95 మీటర్ల వెడల్పు కావాలి. అంటే నాలుగెకరాల పైచిలుకు. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి, లేకుంటే సాయంత్రపు ఎండ కళ్లలో పడుతుంది. మధ్యలో 84.39 మీటర్ల దూరంతో రెండు మేకులు పాతండి. ఒక్కో మేకు చుట్టూ అర్ధచంద్రం గీసి, రెండింటినీ నిలువు గీతలతో కలపాలి.

ఎక్కువమంది పొరపడేది వ్యాసార్ధం దగ్గరే. పుస్తకాల్లో 36.50 మీటర్లని ఉంటుంది. అది లోపలి అంచున ఎత్తు గట్టు ఉన్న ట్రాక్‌కు. గట్టుంటే దూరాన్ని దానికి 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు, అక్కడికి 400 మీటర్లు సరిపోతుంది. గట్టు అంచునే కొలిస్తే 398.12 మీటర్లే వస్తుంది. బడి మైదానంలో ఉండేది సున్నపు గీత. గీతైతే కొలిచేది 20 సెంటీమీటర్ల అవతల. కాబట్టి మీరు 36.60తో గీయండి.

కొలవడానికి స్టీలు టేపు వాడండి. నైలాన్ తాడు లాగినకొద్దీ సాగుతుంది, మధ్యాహ్నం గీసిన గీత సాయంత్రానికి కలవదు. ఒక్కో లేన్ 1.22 మీటర్లు. 400 మీటర్ల పరుగుకు స్టార్టింగ్ గీత ప్రతి లేన్‌కూ 7.67 మీటర్లు ముందుకు జరుగుతుంది, ఎనిమిదో లేన్ 53.66 దగ్గర మొదలవుతుంది. గట్టున్న ట్రాక్‌లో రెండో లేన్ జరిగేది 7.04 మాత్రమే, ఆ పట్టికను చూసి మీ గీతలు వేయకండి.

నేల ఎర్ర చెల్క అయితే మొరం పోసి, తడిపి, రోలరు తిప్పితే నిలుస్తుంది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది. దాన్ని తవ్వి తీశాకే మొరం పోయాలి. లోపలివైపు వాలు మీటరుకు ఒక సెంటీమీటరు మించకూడదు. మించితే మొదటి లేన్‌లోనే నీళ్లు నిలిచి, అన్నిటికంటే ఎక్కువ పరుగులు పడే ఆ లేనే ముందు గుంతలు పడుతుంది.