ఇంట్లోంచే ఆన్‌లైన్ అమ్మకాలు: సరుకు ఎక్కడ తేవాలి, ఏ రకం పట్టుకోవాలి?

ప్రశ్న: మాది గుడివాడ. నేను బీకాం చివరి ఏడాదిలో ఉన్నాను. అమ్మ రెండేళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో చీరలు, గాజులు, నగలు, పిల్లల బట్టలు, ఏది దొరికితే అది అమ్ముతోంది. నెలకు నలభై, యాభై ఆర్డర్లు వస్తాయి కానీ చేతిలో ఏమీ మిగలడం లేదు. నాన్న కూడా సాయం చేస్తానంటున్నారు. లక్షన్నర వరకు పెట్టగలం. సూరత్ నుంచి నేరుగా చీరలు తెప్పించి పెద్దగా మొదలుపెడదామా? లేక నేను ఉద్యోగం చూసుకోవడమే మంచిదా?

జవాబు: సూరత్ సంగతి ముందు తేల్చేద్దాం. ఇప్పుడే వద్దు. అక్కడ సరుకు చవకే, అందులో సందేహం లేదు. కానీ క్యాటలాగ్ చీరలు సెట్టు లెక్కన కొనాలి. ఆరేడు రంగుల్లో రెండు చకచకా పోతాయి, మిగతావి బీరువాలో ఉండిపోతాయి. పైగా మీకు వచ్చిన ఫొటోలే వేలమంది అమ్మకందార్ల ఫోన్లలో ఉంటాయి. ఒకే ఫొటో పది చోట్ల కనిపించినప్పుడు కొనేవాళ్లు చూసేది ధర ఒక్కటే. ఆ పోటీలో గుడివాడ నుంచి మీరు గెలవలేరు.

చేతిలో ఎందుకు మిగలడం లేదో కాగితం మీద వేసి చూడండి. 260 రూపాయలకు కొన్న వస్తువును 399కి అమ్ముతున్నారనుకుందాం. కొరియర్ 60, ప్యాకింగ్ 15. పైకి చూస్తే 64 రూపాయల లాభం. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ మీద వంద పార్శిళ్లు పంపితే ఇరవై తిరిగి వచ్చాయనుకోండి. పంపడానికి 6,000, ప్యాకింగ్‌కు 1,500, ఆ ఇరవై వెనక్కి రావడానికి యాభై చొప్పున 1,000, వచ్చినవాటిలో నాలుగు పాడైతే 1,040, అమ్ముడైన ఎనభై సరుకు ఖరీదు 20,800. మొత్తం ఖర్చు 30,340, రాబడి 31,920. మిగిలింది 1,580. అంటే అమ్మిన ఒక్కో వస్తువు మీద ఇరవై రూపాయలు కూడా లేదు. అదే వస్తువు 599కి అమ్మగలిగితే ఇవే వాపసులు, ఇవే ఖర్చులు పోను 220 దాకా నిలుస్తుంది. మీ దగ్గరి అసలు అంకెలు వేసి ఇదే లెక్క మళ్లీ చేయండి. తక్కువ ధర సరుకును వాపసులు మింగేస్తాయని అప్పుడు మీకే కనిపిస్తుంది.

కాబట్టి మీకు కావలసిన సరుకు ఎలా ఉండాలి? సైజు గొడవ ఉండకూడదు, ఎందుకంటే పిల్లల బట్టలు, రెడీమేడ్ జాకెట్లు వెనక్కి వచ్చేది ఎక్కువగా సైజు వల్లే. పార్శిల్ చిన్నగా ఉండాలి. పగిలేది కాకూడదు. 599కో 999కో అమ్మగలిగేంత విలువ కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, అయిపోయిన వారంలోపు అదే డిజైన్ బస్సెక్కి వెళ్లి మళ్లీ తెచ్చుకోగలగాలి. సరుకు వేట ఒకటి, రకం ఎంపిక ఇంకొకటి అని చాలామంది విడదీస్తారు. ఇంటి వ్యాపారంలో ఆ రెండూ ఒకటే. మళ్లీ మళ్లీ నమ్మకంగా తెచ్చుకోగలిగిందే మీ రకం.

ఇక మీ ఊరి నుంచి చూడండి. ఒకవైపు విజయవాడ, వన్‌టౌన్‌లో వస్త్రలత హోల్‌సేల్ దుకాణాలు. ఇంకోవైపు బందరు. బందరు దారిలో పెడన, కలంకారీ అద్దకానికి పేరు. బందరులో చిలకలపూడి, బంగారు పూత నగలకు దేశమంతటా తెలిసిన చోటు. పోతేపల్లిలో జ్యువెలరీ పార్కు కూడా ఉంది. ఆ జిల్లాలోనే కూచిపూడి. ఇవన్నీ ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చే దూరాలు. సూరత్ వాళ్లకు లేనిది, మీకు ఉన్నది ఇదే.

నన్నడిగితే పూత నగలు పట్టుకోండి. అందులోనూ పెళ్లి సెట్లు కాకుండా, నాట్యం నేర్చుకునే పిల్లల నగల వైపు చూడండి. పెళ్లి సెట్లకు పోటీ విపరీతం. నాట్యం పిల్లల తల్లులకు మాత్రం జవాబు చెప్పేవాళ్లే దొరకరు. ఎనిమిదేళ్ల పాపకు ఈ వడ్డాణం సరిపోతుందా? పాపిడి బిళ్ల, సూర్యవంక, చంద్రవంక, తలలో ఏది ఎక్కడ పెట్టాలి? చంద్రవంక ఒక్కటే పోయింది, విడిగా ఇస్తారా? ఈ చివరి ప్రశ్నే అసలు గని. చాలామంది సెట్టుగానే అమ్ముతారు కాబట్టి ఒక్క ముక్క పోతే మొత్తం కొనాల్సి వస్తోంది. మాటీలు, బులాకీ, వంకీ, రాగిడి, జడగంటలు విడివిడిగా దొరికే చోటు ఒకటుందని నాలుగు డాన్సు స్కూళ్లకు తెలిస్తే చాలు, ఆ స్కూలే మీకు ప్రచారం చేస్తుంది. వార్షికోత్సవానికి పదిహేను సెట్లు ఒకేసారి అడిగేదీ వాళ్లే.

ఇక్కడో మాట. ఎర్ర కెంపు రాళ్లు పొదిగిన టెంపుల్ జ్యువెలరీకి పేరున్న చోటు తమిళనాడులో నాగర్‌కోయిల్ దగ్గరి వడసేరి. అక్కడి చేతి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. వేదిక మీదికి వెళ్లే పెద్ద కళాకారులు అదే అడగొచ్చు. మీరు మొదట్లో దాని జోలికి పోకుండా, నేర్చుకునే పిల్లల సెట్లు, విడి భాగాలు, పాత నగలకు మళ్లీ మెరుగు పెట్టించి ఇవ్వడం, ఈ మూడింటితో మొదలుపెట్టండి. మెరుగు పని బందరులో ఎవరు తీసుకుంటారో, ముక్కకు ఎంతో, ఎన్ని రోజులో మొదటి రోజే అడిగి రాసుకోండి.

ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు. అమ్మ ఫోన్లో గత మూడు నెలల చాట్లు తీసి, జనం అడిగి మీ దగ్గర లేక తిరిగిపోయినవి ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒకే వస్తువు పదిసార్లు కనిపిస్తే దానికి గిరాకీ ఉన్నట్టే. తర్వాత అమెజాన్, మీషో వంటి మార్కెట్‌ప్లేస్ యాప్‌లలో అదే రకం సరుకుకు వచ్చిన ఒకటి, రెండు స్టార్ల రివ్యూలు యాభై చదవండి. ‘రాయి ఊడింది’, ‘నల్లబడింది’, ‘ఫొటోలో పెద్దగా ఉంది’ వంటి ఫిర్యాదులే కొనేటప్పుడు మీరు పరీక్షించాల్సిన జాబితా. ఒకవేళ చాట్లలో కలంకారీ దుప్పట్టాలే ఎక్కువ కనిపిస్తే, నగలు వదిలేసి పెడన వెళ్లండి. అప్పుడైనా లెక్క ఇదే.

మొదటిసారి కొనేటప్పుడు డబ్బు తీసుకెళ్లి ఒకే దుకాణంలో కుమ్మరించకండి. మొదటి రోజు ఏమీ కొనకుండా అయిదారు దుకాణాలు తిరగండి. ప్రతిచోటా అడగాల్సినవి: కనీసం ఎన్ని ముక్కలు తీసుకోవాలి, ఇదే డిజైన్ రెండు వారాల తర్వాత ఇస్తారా, రాయి ఊడితే, పూత మచ్చ ఉంటే ఎన్ని రోజుల్లోపు మారుస్తారు, పక్కా బిల్లు ఇస్తారా. ‘మిక్స్ లాట్ తీసుకోండి, చవగ్గా పడుతుంది’ అంటే నవ్వి బయటికి వచ్చేయండి. వాళ్ల దగ్గర కదలని సరుకే ఆ లాట్లో ఉంటుంది.

ప్రతి రకం నుంచి ఒక్కో ముక్క నమూనాగా కొని, ఇంట్లో ముగ్గురు వారం రోజులు పెట్టుకోండి. చెమట పట్టేవాళ్లే పెట్టుకోవాలి, అదే పరీక్ష. రాళ్లు జిగురుతో అంటించారా, అంచులు వంచి బిగించారా అన్నది గోరుతో తట్టి చూస్తే తెలుస్తుంది. చెవి సీల మర సాఫీగా తిరగాలి, వెనక కాడ వంగకూడదు. వడ్డాణం పొడవు, వెనక గొలుసుతో ఎంత వరకు పెరుగుతుందో టేపుతో కొలిచి రాయండి. ఆ కొలత ఫొటో పక్కన పెడితే చాలు, సగం ప్రశ్నలూ కొన్ని వాపసులూ తగ్గుతాయి. ఫొటో పిల్ల ఒంటి మీద ఒకటి, అరచేతిలో ఒకటి, వెనకవైపు ఒకటి ఉండాలి. పక్క దుకాణం ఫొటో వాడకండి. పంపింది వేరేగా ఉందంటే వాపసు ఖర్చు మీదే.

నిల్వ దగ్గర చాలామంది నష్టపోతారు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, పూత నగ గాలి తగిలితే నల్లబడుతుంది. ఒక్కో ముక్కను గాలి తీసేసిన జిప్ కవర్లో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. రబ్బరు బ్యాండ్లు మాత్రం చుట్టొద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, తగిలిన చోట లోహం నల్లగా గీత పడుతుంది.

పెట్టె సైజు కూడా లాభాన్ని తినేస్తుంది. చాలా కొరియర్లు బరువుతో పాటు పరిమాణాన్ని కూడా లెక్కేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు; వచ్చిన కిలోలు అసలు బరువు కన్నా ఎక్కువైతే వాటికే చార్జీ. 30, 25, 10 సెంటీమీటర్ల పెట్టెలో అరకిలో సెట్టు పెట్టినా కిలోన్నర చార్జీ పడుతుంది. వడ్డాణం చుట్టి పెట్టే వీలున్నది ఎంచుకుని, ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లు దాటని పెట్టెలు చేయించండి. ప్యాక్ చేసేటప్పుడు ఆర్డర్ నంబరు కనిపించేలా వీడియో తీయడం నాన్న పని. తిరిగి వచ్చిన పార్శిల్ విప్పేటప్పుడూ అంతే. ఆ వీడియో లేకపోతే ‘ముక్క తక్కువ వచ్చింది’ అన్న గొడవలో మీ మాట నిలవదు.

లక్షన్నరలో మొదటి సరుకుకు 35,000. అందులో పన్నెండు డిజైన్లు నాలుగేసి ముక్కలు, పూర్తి సెట్లు ఆరు, మిగిలినది విడి భాగాలకు. ఏవి కదిలాయో చూశాక రెండో విడతకు 30,000. ప్యాకింగ్ సామాను, త్రాసు, ఫొటోలకు లైటు కలిపి 8,000. వాపసుల్లోనూ, కొరియర్, యాప్ కంపెనీలు ఆలస్యంగా ఇచ్చే చెల్లింపుల్లోనూ ఇరుక్కునే డబ్బు కోసం 15,000. మిగతా 62,000 ఆరు నెలలు ముట్టుకోవద్దు. నలభై అయిదు రోజుల్లో సగం కూడా కదలని డిజైన్‌ను మళ్లీ తేకండి, ఉన్నదాన్ని కొన్న ధరకే వేరేదానితో జత కలిపి వదిలించుకోండి. మొదటి విడత విజయదశమికి నెలన్నర ముందు చేతిలో ఉంటే మంచిది, చాలామంది పిల్లలు నాట్యంలో చేరేది అప్పుడే. స్కూళ్ల వార్షికోత్సవాల సరుకు కోసం నవంబరులోపు బందరు వెళ్లి రండి.

చట్టం విషయం క్లుప్తంగా. సొంతంగా రాష్ట్రం లోపలే అమ్మితే ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల మీద 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. 2023 అక్టోబరు 1 నుంచి మార్కెట్‌ప్లేస్‌ల మీద కూడా, రాష్ట్రం లోపలి అమ్మకాలకే అయితే, జీఎస్టీ పోర్టల్లో పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని నమోదు లేకుండా అమ్మవచ్చు. కానీ మీ సరుకును హైదరాబాదుకో బెంగళూరుకో పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, సాధారణంగా మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. నమోదయ్యాక అమ్మకం లేకపోయినా గడువులోగా రిటర్ను (అమ్మకాలు, పన్ను లెక్క) వేయాలి, మర్చిపోతే రోజుకు ఇంత అని ఆలస్య రుసుము పడుతుంది. అందుకే మొదటి రెండు నెలలు రాష్ట్రంలోనే అమ్మి చూడండి. సరుకు పేరులో ‘బంగారు నగ’ అని రాయకండి, ‘బంగారు పూత’ అనే రాయండి. ప్యాకెట్ మీద ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేసే నంబరు ఉండాలి. పేరున్న బ్రాండ్ల నకళ్లు ఎంత చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. అమెరికాలోని డాన్సు స్కూళ్లు ఆకర్షణగా కనిపిస్తాయి. అయితే ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) కావాలి, 2025 ఆగస్టు చివరి నుంచి అక్కడ చిన్న పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు పోయింది. అది రెండో ఏటి మాట.

ఇన్‌స్టాగ్రామ్‌లో ‘సరుకు కొనక్కర్లేదు, మా కోర్సు చేరండి’ అనేవాళ్లకూ, అడ్వాన్సు మొత్తం పంపమనే అపరిచిత సప్లయర్లకూ ఒక్క రూపాయి పంపకండి. చేతిలో పట్టుకుని చూడని సరుకు ఎలా ఉంటుందో మీరు కొనేవాళ్లకు చెప్పలేరు.

ఇక మీ ఉద్యోగం సంగతి. వ్యాపారాన్ని అమ్మ పేరిటే ఏకవ్యక్తి సంస్థగా (ప్రొప్రయిటర్‌షిప్) పెట్టి, చిన్న సంస్థల కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్లో ఉచితంగా నమోదు చేయించండి, విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. మీరు రోజుకు రెండు గంటలు లిస్టింగులు, లెక్కలు చూసుకుంటూ పరీక్షలు రాసేయండి. బీకాం తర్వాత టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నుల పని మీకు ఎలాగూ కావాలి, ఇంట్లోనే అసలు బిల్లులతో నేర్చుకున్నట్టవుతుంది. ప్రతి నెలా ముగ్గురి జీతం కూడా ఖర్చుగా రాయండి, తక్కువే అయినా సరే. దసరా, వార్షికోత్సవాలు రెండూ అయ్యాక, అంటే మార్చిలో, ఆ జీతాలు పోను నెలకు సగటున పదిహేను వేలు మిగిలితే మీరు పూర్తిగా దిగవచ్చు. మిగలకపోతే మీరు అకౌంట్స్ ఉద్యోగంలో చేరండి, అమ్మ విడి భాగాలు అమ్ముకుంటూ ఉండనివ్వండి.