ఆరో తరగతికి చెన్నైలో ఏ బడి?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. ఏసీ మెకానిక్‌ని. పని కోసం ఈమధ్యే చెన్నై మాధవరం వచ్చాం. పాప ఊళ్లో సర్కారు బడిలో, ఇంగ్లీష్ మీడియంలో ఐదో తరగతి అయింది. తమిళం రాదు. డాక్టర్ అవుతానంటోంది. కేంద్రీయ విద్యాలయంలో ప్రయత్నించాలా, దగ్గర్లోని కార్పొరేషన్ స్కూల్లో వేయాలా?

జవాబు: కేంద్రీయ విద్యాలయం మంచిదే. కానీ పై తరగతుల్లో ఖాళీ ఉంటేనే చేర్చుకుంటారు. అందులోనూ ముందు కేంద్ర ఉద్యోగుల పిల్లలు, మీలా సొంత పని చేసుకునేవాళ్లది చివరి వరస. అప్లికేషన్ పెట్టండి, దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

డాక్టర్ అన్నారు కాబట్టి ఇంకో లెక్క. తమిళనాడు 2020లో చేసిన చట్టం ప్రకారం, ఆరు నుంచి ప్లస్ టూ వరకు రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ పాసైనవాళ్లకు మెడికల్ సీట్లలో 7.5 శాతం వేరుగా ఉంచుతారు. కార్పొరేషన్ బడి ఇందులోకి వస్తుంది, కేంద్రీయ విద్యాలయం రాదు. మీ పాప చేరేది సరిగ్గా ఆరులోనే. 'ఒక్క ఏడాది ప్రైవేటులో వేసి చూద్దాం' అనే ఆలోచన ఉంటే మానేయండి. అయితే ఊళ్లో తీసుకున్న కుల సర్టిఫికెట్ ఇక్కడి రిజర్వేషన్లకు పనికిరాదు. ఓపెన్‌లో పోటీ పడాల్సి రావచ్చు, ఆ సంగతి ఇప్పుడే తెలిసి ఉండాలి.

బడి బోర్డు జాగ్రత్తగా చదవండి. 'చెన్నై హైస్కూల్' అని ఉంటే పదితో సరి. 'హయ్యర్ సెకండరీ' అని ఉంటేనే ప్లస్ టూ. అక్కడ బయాలజీ గ్రూపు ఉందా, ల్యాబు తాళం తీస్తున్నారా అని పెద్ద పిల్లల్నే అడగండి. ఆఫీసులో కంటే నిజం వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

మీ అసలు టెన్షన్ తమిళం కదా. 2006 చట్టం వల్ల ఇంగ్లీష్ మీడియంలో వేసినా పది దాకా తమిళం పేపరు ఉంటుంది. పదో తరగతి పరీక్షకి ఐదేళ్లుంది, చాలు. క, ఖ, గ, ఘ అన్నిటికీ తమిళంలో ఒకటే అక్షరం. పిల్లలకది తమాషా, తలనొప్పంతా మనకే. సెలవుల్లో అక్షరాలు దిద్దించండి. చేర్చేముందు హెడ్‌మిస్ట్రెస్‌ని ఒక్కటే అడగండి: తమిళం రాని పిల్లలు ఇప్పటికే ఎవరైనా ఉన్నారా, వాళ్లకి ఎవరు నేర్పుతున్నారు? టీచర్ పేరు చెప్పగలిగితే ఆ బడిలోనే చేర్చండి.