కాంట్రాక్టు ఆదాయాన్ని నమ్ముకొని ప్లాట్ల కోసం అప్పు చేయకండి

ప్రశ్న: మాది కాగజ్‌నగర్. నా వయసు 34. నాన్నగారు పేపర్ మిల్లులో పనిచేసేవారు. 2014లో మిల్లు ఆగిపోయాక ఇల్లు గడవడానికి అమ్మ నగలు అమ్ముకున్నాం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, రెండేళ్లుగా ఇంటి నుంచే అక్కడి ఒక సంస్థకు కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఆరు నెలలకోసారి రెన్యువల్, నెల రోజుల నోటీసు. నెలకు రూ.95,000లో పది శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పోగా రూ.85,500 చేతికి వస్తుంది. అమ్మానాన్న, భార్య, పాపతో కలిపి ఇంటి ఖర్చు రూ.38,000. భార్య నగల మీద రూ.3 లక్షల రుణం ఉంది. యాప్ రుణం, క్రెడిట్ కార్డు బాకీ కలిపి మరో రూ.1.4 లక్షలు. అన్నిటికీ నెలకు రూ.19,000 కడుతున్నాను. బ్యాంకులో రూ.60,000 ఉంది. మిల్లు మళ్లీ నడుస్తోంది, ఊరు కోలుకుంటోంది. రూ.12 లక్షల వ్యక్తిగత రుణం తీసుకొని శివార్లలో రెండు ప్లాట్లు కొనవచ్చా? మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ కూడా మొదలుపెట్టమంటారా?

జవాబు: కొనవద్దు. ఇంటి నుంచి పని దొరికి సొంత ఊళ్లకు తిరిగి వెళ్లిన చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కనుక మీ లేఖకు కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను. నెలనెలా ఒకే తేదీన ఒకే మొత్తం ఖాతాలో పడుతుంటే దాన్ని జీతమని అనుకోవడం సహజమే. అయితే మీకు భవిష్య నిధి లేదు, గ్రాట్యుటీ లేదు, సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా లేదు. ఆ సంస్థకు మీతో పని లేదనిపిస్తే నెల రోజుల్లో మీ ఆదాయం సున్నా అవుతుంది. మిల్లు కార్మికుడిగా మీ నాన్నగారికి చట్టం ఇచ్చిన రక్షణలలో చాలావరకు మీకు వర్తించవు.

నిజాం కాలంలో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, జేకే పేపర్ చేతికి వచ్చాక 2018లో గానీ తిరిగి తెరుచుకోలేదు. అంటే సుమారు నాలుగేళ్లు. ఒకే చోటి నుంచి వచ్చే ఆదాయం ఆగితే కుటుంబం ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మిల్లు తెరుచుకోవడం ఊరికి మంచిదే, దుకాణాలకూ అద్దెలకూ మంచిదే, కానీ మీ కాంట్రాక్టుకు దానితో ఏ సంబంధమూ లేదు. రేపు మీ పని ఆగిపోయిన రోజున మిల్లు ఎంత బాగా నడుస్తున్నా మీ ఈఎంఐ కట్టదు.

ఇప్పుడు లెక్క చూడండి. రూ.12 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.28,000 అవుతుంది. పాత కిస్తీలు రూ.19,000, ఇంటి ఖర్చు రూ.38,000 కలిపితే రూ.85,000, మీ చేతికి వచ్చేది రూ.85,500. నెలకు ఐదు వందల రూపాయల మిగులుతో ఐదేళ్లు నడవాలని, ఆ ఐదేళ్లలో పది సార్లు మీ కాంట్రాక్టు రెన్యువల్ కావాలని మీరు పందెం కాస్తున్నారు. పైగా అనుమతులున్న ప్లాటుకు బ్యాంకులు స్థల రుణమే ఇస్తాయి. దాన్ని వదిలి వ్యక్తిగత రుణం వైపు ఎందుకు చూస్తున్నారో, ఆ లేఅవుట్‌కు డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం) అనుమతి ఉందో లేదో మీరు రాయలేదు. మీ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం కూడా ఉంది కనుక గిరిజనుల భూములకు రక్షణగా ఉన్న 1/70 చట్టం వర్తించే భూమి అయితే గిరిజనేతరుడి పేరిట కొనుగోలే చెల్లదు.

మీకు ముందుగా కావలసింది అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు సరిపోతుందని అంటుంటారు. మీలాంటి కాంట్రాక్టు పనివారికి తొమ్మిది నెలలకు తగ్గకూడదన్నది నా పట్టుదల, ఎందుకంటే ఇంకో కాంట్రాక్టు దొరకడానికి మూడు నాలుగు నెలలు పట్టవచ్చు, దొరికాక మొదటి బిల్లు డబ్బు రావడానికి మరో నెలన్నర పట్టవచ్చు, కొత్త చోట తక్కువ రేటుకు ఒప్పుకోవలసి రావచ్చు. ఇంటి ఖర్చు మీద మరికొంత కలిపి తప్పనిసరి ఖర్చును నెలకు రూ.45,000గా వేసుకుంటే తొమ్మిది నెలలకు రూ.4.05 లక్షలు. ఇప్పుడున్న రూ.60,000 దీనికి పునాది. దాన్ని అప్పు తీర్చడానికి కూడా తీయకండి. ఈ నిధిని కాంట్రాక్టు డబ్బు పడే ఖాతాలో కాకుండా మరో బ్యాంకులో, ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్లుగా ఉంచండి. ఖర్చుల ఖాతాలో ఉన్న డబ్బు ఏదో ఒక పండక్కి కరిగిపోతుంది.

ఇప్పుడు మీకు నెలకు రూ.28,500 మిగలాలి. అందులో సుమారు రూ.4,000 ఆరోగ్య బీమాకు పక్కన పెట్టి, మిగిలినదంతా కార్డు, యాప్ బాకీలకు కట్టండి. వాటి కిస్తీలు రూ.11,000 అనుకుంటే, అవీ కలిపి నాలుగైదు నెలల్లో ఆ రెండూ తీరిపోతాయి. కార్డు బాకీ మీద నెలకు దాదాపు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. అంత వడ్డీ కడుతూ ప్లాటు ధర పెరుగుతుందని ఎదురుచూడటం ఏ లెక్కకూ అందదు. ఆ యాప్‌ను ఫోన్‌లో నుంచి తీసేయండి. ఒకసారి అమ్మ నగలు పోయిన ఇంట్లో ఇప్పుడు భార్య నగలు తాకట్టులో ఉన్నాయి, అయినా మీరు కొత్త అప్పు గురించి అడుగుతున్నారు! ఈ బాకీలు తీరాక నెలకు రూ.35,000 చొప్పున పది నెలల్లో నిధి నిండుతుంది, ఆ తర్వాత నెలనెలా మిగిలే అదే రూ.35,000తో నగలు విడిపించండి.

నిధి ఇంకా ముందే నిండే దారి ఒకటి ఉంది. ఏడాదికి మీకు కోత పడే టీడీఎస్ రూ.1,14,000. మీ మొత్తం రాబడి రూ.11.4 లక్షలే. వేరే ఆదాయం లేకపోతే, 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను పద్ధతిలో రూ.12 లక్షల వరకు పన్ను పడదు కనుక, గడువులోగా రిటర్ను వేస్తే ఆ కోత అంతా వెనక్కి వస్తుంది. మీరు రిటర్ను వేస్తున్నారో లేదో రాయలేదు. వేయకపోతే మీ డబ్బును మీరే వదులుకుంటున్నట్టు.

ఆరోగ్య బీమాను ఈ నెలలోనే తీసుకోండి. మీరు, భార్య, పాప కలిసి ఒక ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ), అమ్మానాన్నలకు విడిగా మరొకటి. తల్లిదండ్రులను అదే పాలసీలో కలిపితే వారి వయసును బట్టి అందరి ప్రీమియం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. నాన్నగారికి బీపీ, షుగర్ వంటివి ఉంటే దాచకుండా రాయండి. పాత జబ్బులకు మూడేళ్ల వరకు బీమా డబ్బు రాని నిరీక్షణ కాలం ఉండవచ్చు కనుక ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. పెద్ద ఆపరేషన్ అవసరమైతే హైదరాబాద్ రావలసి రావచ్చు, అప్పుడు బీమా లేకపోతే అత్యవసర నిధి ఒక్క వారంలో ఖాళీ అవుతుంది. మీ పేరిట రూ.కోటి టర్మ్ పాలసీ (మీకేదైనా జరిగితే కుటుంబానికి డబ్బు అందే జీవిత బీమా) కూడా తీసుకోండి.

రెండో ఇంటర్నెట్ కనెక్షన్‌కు, ఇన్వర్టర్‌కు అయ్యే ఖర్చును అప్పుగా కాకుండా మీ పనిముట్ల ఖర్చుగా చూడండి. కరెంటు పోయి రెండు రోజులు పని ఆగితే రెన్యువల్ సమయంలో అదే మాట వస్తుంది. సిప్ సంగతి నిధి నిండాక చూద్దాం. ప్లాటు కొనాలని అప్పటికీ అనిపిస్తే కనీసం సగం సొంత డబ్బుతో, అనుమతులున్న చోట, ఒక్కటే కొనండి.