పేర్ల లెక్క సమానంగా వచ్చిందా? ఇంకో నాలుగు చోట్ల చూడండి

మేడమ్, మీ టెన్షన్ అర్థమైంది. పుస్తకంలో ఆడ-మగ వివక్ష ఉందేమో చూద్దామని ఎం.ఎడ్. ప్రాజెక్టు కోసం ఇంగ్లిష్ రీడర్‌లో ఆడ, మగ పేర్లు లెక్కపెడితే దాదాపు సమానంగా వచ్చాయి, ఇక రాయడానికేముంది అంటున్నారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

1984లో పరిశోధకురాలు కారెన్ పొర్రేకా 15 ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలను పరిశీలించినప్పుడు తలలు లెక్కపెట్టి ఊరుకోలేదు. జంటగా చెప్పేటప్పుడు ఎవరిని ముందు చెప్పారు, ఎవరికి ఏ ఉద్యోగాలు ఇచ్చారు, ఎలాంటి విశేషణాలు వాడారు అనేవీ చూశారు. మీరూ మీ పట్టికలో అవే గళ్లు గీసుకోండి.

చాలామంది వదిలేసేది గ్రామర్ ఎక్సర్‌సైజులు. 'మదర్ ఈజ్ కుకింగ్. ఫాదర్ ఈజ్ రీడింగ్ ద న్యూస్‌పేపర్.' ప్రెజెంట్ కంటిన్యువస్ కోసం పెట్టిన వాక్యాలే, కాదనను. కానీ పాఠం ఒకసారి చదివే పిల్లలు దీన్ని నోట్సులో, హోంవర్కులో, పరీక్షలో రాస్తూనే ఉంటారు. అందుకే క్రియలకు వేరే పట్టిక వేయండి: 'షి' పక్కన ఏవి, 'హి' పక్కన ఏవి.

'ఎ డాక్టర్ మస్ట్ లిజన్ టు హిజ్ పేషెంట్స్' లాంటివి మాత్రం మగ లెక్కలో కలపొద్దు. అక్కడ ఫలానా మగ మనిషి లేడు, అలవాటుగా పడిన 'హిజ్' ఉంది. దానికో విడి గడి.

సంభాషణల్లో ఎవరు అడుగుతున్నారో, ఎవరు వివరిస్తున్నారో గుర్తు పెట్టుకోండి. బొమ్మలు చివర్లో చూసినా పర్వాలేదు.

ఒక పాఠాన్ని మీ కొలీగ్‌తో కూడా విడిగా లెక్క వేయించండి. ఇద్దరికీ తేడా ఎక్కువ వస్తే, మీ గళ్ల నిర్వచనాలు సరిచేసుకున్నాకే మిగతా పాఠాలకు వెళ్లండి.