‘ఊరికే చదువమ్మా, ఏమీ అడక్కు’

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకుంటున్న అమ్మానాన్నల ఉత్తరాలకు జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. ఇద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. రోజూ పడుకునే ముందు అరగంట పుస్తకం చదివి వినిపిస్తాను. అయ్యాక నచ్చిన పాత్ర గురించి ఐదు వాక్యాలు రాయమంటాను, ఒక బొమ్మ వేయమంటాను. ఇదివరకు బాగానే చేసేవాళ్లు. ఈమధ్య పుస్తకం చేతిలోకి తీసుకోగానే పాప ‘ఊరికే చదువమ్మా, ఏమీ అడక్కు’ అంటోంది. మాలాగే ఇంట్లో చదివించేవాళ్ల పిల్లలు సొంతంగా కథలు రాస్తున్నారు, అట్టముక్కలతో కోటలు కడుతున్నారు. మావాళ్లు మాత్రం విని పడుకుంటారు, అంతే. నాకు టెన్షన్‌గా ఉంది. వీళ్లలో సృజన ఎలా పెంచాలి?

జవాబు: మీ పాప అడిగింది న్యాయమైన కోరిక. ఈ రాత్రి నుంచే ఐదు వాక్యాలు మానేయండి. చివర్లో పరీక్ష ఉందని తెలిసిన పిల్ల కథ వినదు, పరీక్షకు పనికొచ్చే ముక్క ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. పాపకు కథంటే ఇష్టం లేక కాదు, అలా వెతుక్కుంటూ వినడం విసుగొచ్చే ఆ మాట అంది.

విన్నది తిరిగి చెప్పించడం మంచి పద్ధతే, కాదనను. ఇంగ్లండుకు చెందిన షార్లెట్ మేసన్ (1842–1923) బోధనలో అది ముఖ్యమైన భాగం. ఇంట్లో చదివించే కుటుంబాలు చాలావరకు ఆవిడ పేరు చెప్పుకుంటాయి కానీ, ఆవిడ చెప్పిన దాంట్లో సగమే పట్టుకుంటాయి. ఒక్కసారే చదవాలి, తర్వాత పిల్లలు తమకు తోచినట్టు చెబుతారు, మధ్యలో అడ్డుపడి దిద్దకూడదు, ప్రశ్నలతో లాగకూడదు అన్నదావిడ. ఆరేళ్లు వచ్చేదాకా అయితే వాళ్లకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే, ఏది చెప్పాలనిపిస్తే అదే. మీ బాబు ఇప్పుడిప్పుడే ఆ వయసు దాటాడు. వాడితో నోటితో చెప్పించండి చాలు. అదీ పగటిపూట, ఒక పాఠంగా. రాత్రి చదివే కథను దానికి ముడిపెట్టకండి.

ఇక సృజన సంగతి. పుస్తకం మూసిన పావుగంటలో బయటికి రావాలని మనం అనుకుంటాం. అది అలా రాదు, ఎప్పుడో, ఎటునుంచో వస్తుంది. మా చిన్నాడికి ఒకసారి సముద్రయానం కథ చదివాను. వింటున్నంతసేపూ సోఫా కుట్లు పీకుతూ కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. వీడు వినలేదనే అనుకున్నాను. చాలా రోజుల తర్వాత భోజనాల బల్ల కింద ఊడుస్తుంటే ఒక చిత్తు కాగితం దొరికింది. పైన ‘ఓడలో సామాన్లు’ అని రాసి ఉంది. దాని కింద: ‘తాగే నీళ్లు, తాడు, ఇంకో తాడు, పిల్లి, పిల్లికి దుప్పటి’. నాకు నవ్వొచ్చింది. ‘ఎంత బాగా రాశావురా’ అనలేదు, ‘దీని మీద కథ రాయి’ అనీ అనలేదు. జాబితా చివర ‘ఎలుకలు, 12’ అని నేనొకటి చేర్చి ఉన్నచోటే పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే వచ్చి నిలదీశాడు: ‘నా ఓడలో ఎలుకలు ఎవరు పెట్టారు?’ ఆ ఎలుకలను దింపడానికి ఒక రేవు కావాల్సి వచ్చింది, రేవుకి ఒక దీవి, దీవికి ఒక పటం. వారం తిరిగేసరికి బల్ల కింద నాకు ప్రవేశం లేదు, కాపలావాడి అనుమతి చీటీ ఉండాలట.

ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది కాబట్టే ‘ట్రెజర్ ఐలండ్’ అనే సముద్రపు దొంగల నవల పుట్టింది. 1881 వేసవి చివర్లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో దాని రచయిత ఆర్.ఎల్. స్టీవెన్సన్ కుటుంబం ఒక అద్దె ఇంట్లో ఉంది. బయట ఒకటే వాన. భార్య మొదటి పెళ్లి కొడుకు లాయిడ్‌కి అప్పుడు పదమూడేళ్లు, చేతిలో రంగుల పెట్టె ఉంది. ఆ రంగులతోనే ఒక దీవి పటం తయారైంది. గీత మొదలుపెట్టింది ఎవరన్న విషయంలో తర్వాత ఆ ఇద్దరూ చెరో రకంగా రాసుకున్నారు, అది వేరే సంగతి. పటం చూస్తూ స్టీవెన్సన్ రోజుకో అధ్యాయం రాసి ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆయన తండ్రి థామస్ చేసిన పని. అరవై దాటిన మనిషి, దీపస్తంభాలు కట్టే ఇంజినీరు. కథలో బిల్లీ బోన్స్ అనే నావికుడి పెట్టె తెరిచే ఘట్టం వచ్చేసరికి, అందులో ఏయే వస్తువులు ఉండాలో ఒక కవరు వెనక జాబితా రాసిచ్చాడు. అందుకు ఆయనకు దాదాపు ఒక రోజంతా పట్టి ఉంటుందని కొడుకే చెప్పుకున్నాడు, దాన్ని ఉన్నదున్నట్టు కథలో పెట్టాడు కూడా. కథలోని సముద్రపు దొంగ ఫ్లింట్ ఓడకు ‘వాల్రస్’ అన్న పేరు కూడా ఆ పెద్దాయన పట్టుబట్టి పెట్టించిందే.

ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ హోంవర్క్ ఇవ్వలేదు, చూశారా? పిల్లాడూ తండ్రీ తాతా ముగ్గురూ ఆటలోనే ఉన్నారు. మీరు ‘బొమ్మ వెయ్యండి’ అని చెప్పి గిన్నెలు సర్దడానికి వెళ్లిపోతే అది పని అప్పగించడం. వాళ్ల పక్కన కూర్చుని, మీకు రాకపోయినా, మీరే ఒక వంకర కోట గీస్తే అది ఆటలో దిగడం. మీ కోట చూసి మీ పాప ఊరుకోదు. కనీసం తలుపు తప్పుచోట పెట్టావనైనా అంటుంది.

ఏర్పాట్ల విషయానికొస్తే పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు, స్టేప్లరు, అంటించే టేపు, మొద్దుబారని కత్తెర. ఇవన్నీ పిల్లలకు చేయి అందే ఎత్తులో, అడగకుండా తీసుకునేలా ఉండాలి. రెండు ఏ4 కాగితాలు కలిపి మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే ఎనిమిది పేజీల పుస్తకం. అలాంటివి నాలుగైదు ఖాళీవి చేసి పడేయండి. పిల్లలకు తెల్ల కాగితం కంటే ఖాళీ ‘పుస్తకం’ మీద ఆశ ఎక్కువ. ఏం రాయాలో మాత్రం చెప్పకండి. ఇంకొకటి, రోజులో రెండు గంటలైనా ఏ కార్యక్రమమూ లేకుండా వదలండి. ‘బోర్ కొడుతోంది’ అంటారు. అననివ్వండి.

మిగతావాళ్ల పిల్లల కోటలు చూసి దిగులు పడకండి. మీకు కనిపించేది కట్టడం పూర్తయిన రోజు మాత్రమే. అంతకుముందు ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఏమీ జరగలేదో ఎవరూ చెప్పరు.

ప్రశ్న: మా ఇంట్లో చదివి వినిపించే పని నా భార్యది. ఆమెకు కాస్త వెసులుబాటు ఇవ్వాలని నేను మొదలుపెట్టాను. కానీ నా గొంతు ఆఫీసు సర్క్యులర్ చదివినట్టు ఉంటుందని పిల్లలే నవ్వుతున్నారు. పైగా పెద్దాడికి పదకొండు, చిన్నదానికి నాలుగు. ఇద్దరికీ సరిపోయే పుస్తకం దొరకడం లేదు. మానేసి ఆడియో పుస్తకాలు పెట్టేద్దామా?

జవాబు: మానకండి. గొంతులు మార్చి నటించాల్సిన పనే లేదు. ఇప్పుడు చదివే వేగాన్ని కొంచెం తగ్గించండి, సంభాషణ వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి. సగం విసుగు దాంతోనే పోతుంది. మీరు సర్క్యులర్‌లా చదువుతుంటే పిల్లలు నవ్వుతున్నారంటే వింటున్నారన్న మాట.

పుస్తకం పెద్దాడిని బట్టి ఎంచుకోండి. పిల్లలు తాము చదవగలిగిన దాని కంటే విని అర్థం చేసుకోగలిగింది చాలా ఎక్కువ. నాలుగేళ్ల పాప అంతా అర్థం చేసుకోవాలని ఏం లేదు. కింద కూర్చుని బ్లాకులు పేర్చుకోనివ్వండి, నిద్రొస్తే పడుకోనివ్వండి. ఆమె కోసం బొమ్మల పుస్తకం ఒకటి ముందే చదివేయండి, అది వినడం పెద్దాడికీ లోలోపల ఇష్టమే, బయటికి చెప్పడు గానీ.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంగ్లిష్ పుస్తకాల మీద, మాటల మీద హేయస్, ఆరెన్స్ అనే పరిశోధకులు 1988లో ఒక లెక్క ప్రచురించారు. కాలేజీ చదువులు చదివిన పెద్దలు తమలో తాము మామూలుగా మాట్లాడుకునేటప్పుడు దొర్లే అరుదైన మాటల కంటే, పిల్లల పుస్తకాల్లో ఉండే అరుదైన మాటలే ఎక్కువని అందులో తేలింది. మనం ఎంత కబుర్లు చెప్పినా పుస్తకం ఇచ్చే మాటలు మన నోటి నుంచి రావు. ఆడియో పుస్తకాలు ప్రయాణాల్లో హాయిగా వినండి. కాకపోతే ‘నాన్నా, ఆగు, వాడు అబద్ధం చెప్తున్నాడు కదా?’ అని దాన్ని అడగలేం.

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్లు. రాస్తాడు, కానీ ఏది రాసినా తను చదివిన పుస్తకాల్లోని పాత్రలే, ఆ యుద్ధాలే. సొంత ఊహ అంటూ లేదు. కాపీ కొట్టడం అలవాటైపోతుందేమోనని భయం.

జవాబు: ఈ భయం నాకు అర్థం కాదు. రాసేవాడిని ఆపకండి, ముందు అది.

ఒక ఇంటి కథ చెబుతాను. ఇంగ్లండులో హావర్త్ అనే ఊళ్లో పాట్రిక్ బ్రాంటీ అనే చర్చి గురువు ఉండేవాడు. భార్య పోయింది. బడికి పంపిన ఆడపిల్లల్లో పెద్దవాళ్లిద్దరూ జబ్బుపడి 1825లో చనిపోయారు. మిగిలినవాళ్లను ఇంటికి తెచ్చేసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లు వాళ్ల చదువు ఇంట్లోనే. 1826 జూన్‌లో కొడుకు కోసం ఒక పెట్టెడు చెక్క సైనికుల బొమ్మలు తెచ్చాడు. అప్పుడు షార్లెట్‌కి పదేళ్లు, బ్రాన్‌వెల్‌కి ఎనిమిది, ఎమిలీకి ఏడు, ఆన్‌కి ఆరు. నలుగురూ తలా ఒక బొమ్మ తీసుకున్నారు. షార్లెట్ తన సైనికుడికి పెట్టుకున్న పేరేమిటి? వెల్లింగ్టన్. బ్రాన్‌వెల్ పెట్టింది బోనపార్ట్. ఇద్దరూ పేరుమోసిన సేనానులు, అచ్చంగా నాటి వార్తల్లోంచి ఎత్తుకున్న పేర్లే. ఆ బొమ్మల కోసం వాళ్లు పత్రికలు కూడా నడిపారు. అగ్గిపెట్టెంత సైజు, చిత్తు కాగితాలు కుట్టి, అచ్చు అక్షరాల్లా కనిపించేలా సూక్ష్మమైన రాత. వాటికి నమూనా తండ్రి ఇంటికి తెచ్చిన ‘బ్లాక్‌వుడ్స్’ పత్రిక. కథలు, సమీక్షలు, ప్రకటనలు అన్నీ దాని ఫక్కీలోనే.

ఇంత అనుకరణ చేసిన షార్లెటే 1847లో ‘జేన్ ఐర్’ నవల అచ్చువేయించింది. అదే ఏడాది చెల్లెళ్ల నవలలూ వచ్చాయి. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు ఆ బొమ్మలతో అల్లుకున్న ఊహాలోకాల్లోనే మునిగితేలారని మరిచిపోకూడదు. మీరు పన్నెండేళ్లకే సొంత గొంతు కావాలంటున్నారు.

బాబు రాసినవి వరుసగా చదివి చూడండి. పాత్ర పాతదే అయినా, అసలు పుస్తకంలో లేని ఒక సందర్భంలో దాన్ని నిలబెట్టి ఉంటాడు. అక్కడ పట్టుకోండి. ‘ఇక్కడ అతను వెనక్కి ఎందుకు తిరిగాడు?’ అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. జవాబు చెప్పడానికి మళ్లీ రాస్తాడు. ఒకవేళ ఎక్కడైనా పోటీకి పంపాల్సి వస్తే మాత్రం పాత్రల పేర్లు, లోకం తనవే అయి ఉండాలని చెప్పండి. ఆ తేడా ఈ వయసు పిల్లలకు తెలియాలి.

ప్రశ్న: మా అమ్మాయి కథలు రాస్తుంది, కానీ అన్నీ అక్షరదోషాలే. దిద్దితే అలుగుతుంది. దిద్దకపోతే ఎలా?

జవాబు: కథలో దిద్దకండి. పాఠం రాసే నోటుపుస్తకంలో దిద్దండి. పదే పదే వస్తున్న తప్పులు మీరు గుర్తుపెట్టుకుని మర్నాడు డిక్టేషన్‌లో ఆ మాటలు కలపండి, ఎక్కడివో చెప్పక్కర్లేదు. కథను అమ్మమ్మకో స్నేహితులకో పంపుదామని తనే అనుకున్న రోజున ‘ఒకసారి సాపు చేద్దామా’ అంటే ఒప్పుకుంటుంది. చదివేవాళ్లు ఉన్నారంటే దిద్దుకోవడానికి పిల్లలకు అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: ఆటలో మీరూ దిగండి అని ఎప్పుడూ అంటుంటారు. అక్కా, నాకే ఏ ఐడియా రాదు. చిన్నప్పుడు కూడా కథలు అల్లిన మనిషిని కాను. ఏం చేయను?

జవాబు: ఇటలీ బాలల రచయిత జాన్ని రోడారి చెప్పిన ఒక ఆట ఉంది, దానికి ఊహాశక్తి ముందే ఉండాల్సిన పని లేదు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు మాటలు తీసుకోవాలి. ఆయన ఇచ్చిన ఉదాహరణ కుక్క, బీరువా. ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు చెరో మాట రాస్తే ఇంకా మంచిది. ఇప్పుడు రెండిటినీ రకరకాలుగా కలపండి: బీరువాలో కుక్క. బీరువా మీద కుక్క. కుక్క గారి బీరువా. బీరువా మోసుకొస్తున్న కుక్క.

‘కుక్క గారి బీరువా’ దగ్గర ఆగామనుకోండి. అందులో ఏముంటాయి? కాలానికొక గొలుసా? ఎత్తుకొచ్చిన చెప్పులా? ఒక్కో కాలిదేనా, జత ఉంటుందా? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఇక్కడికి వచ్చేసరికి మీరు అడగడం కూడా అక్కర్లేదు, పిల్లలు మీ మాటకు అడ్డొస్తుంటారు. ఈ ఆటకు పది నిమిషాలు చాలు. బాగా రాకపోతే ఇంకో రెండు మాటలు. మావాళ్లతో ఆడినప్పుడు సగం జతలు ఎక్కడికీ వెళ్లేవి కావు, వాటిని పట్టుకుని సాగదీస్తే ఆట చచ్చిపోతుంది.

ప్రశ్న: మొదలుపెట్టిన పుస్తకం పిల్లలకు నచ్చకపోతే మధ్యలో ఆపేయవచ్చా? పూర్తిచేయడం ఒక క్రమశిక్షణ కదా?

జవాబు: మూడు అధ్యాయాలు చూడండి. కొన్ని పాత పుస్తకాలు నెమ్మదిగా అందుకుంటాయి కాబట్టి అంతవరకు ఓపిక పట్టవచ్చు. ఆ తర్వాతా ఎవరూ ‘ఇంకొంచెం’ అనకపోతే ఆపేయండి. క్రమశిక్షణ నేర్పడానికి లెక్కలున్నాయి. ఆపిన పుస్తకాన్ని మాత్రం ఇంట్లోంచి పంపేయకుండా అరలో ఉంచండి. మా పెద్దమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు నెట్టేసిన పుస్తకాన్ని పదకొండేళ్లకు తనే తీసుకుని, నన్ను దగ్గరికి రానివ్వకుండా చదివేసింది.