చివరి కిబ్బే ఎవరు తీశారు?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ దుబాయ్ వ్యాసం అందింది. అల్ రిగ్గా వీధిలో లెబనాన్ హోటలు, నలుగురు కలిసి తిన్న రాత్రి. ‘హమ్మస్ నోట్లో వెన్నలా కరిగిపోయింది’ అన్నావు చూడు, అక్కడే కాగితాలు పక్కన పడేశాను. శనగలూ నువ్వుల ముద్దా కలిపి రుబ్బింది కరగదమ్మా, నాలుకకి అంటుకుంటుంది.

మళ్ళీ చేతిలోకి తీసుకున్నది ఒక్క వాక్యం కోసం. అందరూ రొట్టె ముంచకముందే ఆ జగిత్యాల అబ్బాయి ఓ చెంచాడు తన ప్లేట్లోకి తీసి పెట్టుకున్నాడన్నావు. ఎంగిలి పట్టింపు! కథంతా అక్కడుంటే, దాన్ని దాటేసి ఫత్తూష్ అనే రొట్టెముక్కల సలాడ్‌లో సుమాక్ పొడి పులుపు మీద అరపేజీ నింపావు.

తిండి గురించి రాసేటప్పుడు నాలుకని నమ్మొద్దు, చేతుల్ని చూడు. నా చాదస్తం అనుకున్నా సరే. చల్లటివి ముందొస్తాయి: తబ్బూలే అనే ఆకుల సలాడ్, ముతబ్బల్ అనే వంకాయ పచ్చడి, లబ్నే అనే గట్టి పెరుగు. తర్వాత వేడివేడిగా కిబ్బేలు, గోధుమరవ్వ ముద్దలో మాంసం కూరి వేయించినవి. బొగ్గుల మీద కాల్చిన మాంసం వచ్చేసరికి బల్ల మీద చోటుండదు. అప్పుడు ఏ ప్లేటు ఎవరి వైపు జరిగింది? చివరి కిబ్బే ఎంతసేపు అలాగే ఉంది, ఎవరు తీశారు? అడక్కుండానే మధ్యలో పెడతారే, కొయ్యని టమాటా, కీరా, లెట్యూస్, పుదీనా రెమ్మలు, పచ్చిమిరపకాయలు, ఆ పళ్ళేన్ని ‘సలాడ్’ అని తేల్చేశావు. మనవాళ్ళు కూర్చున్న బల్ల మీద ఆ మిరపకాయని ఎవరూ ముట్టలేదంటే నేను నమ్మను.

దుబాయ్‌లోని డేరా పేటలో లెక్కలు రాసుకునే రోజుల్లో మా మేనేజరు బీరూట్ మనిషి, అంతర్యుద్ధంలో ఊరొదిలి వచ్చినవాడు. బిల్లు ఇంకొకరు ముట్టుకుంటే పోట్లాటకొచ్చేవాడు. ఒకసారి ఆ చీటీ చిరిగి రెండయింది. దాని మీద కథ రాసి ఓ వారపత్రికకి పంపితే, ఆ సంపాదక మహాశయుడు బిల్లు గొడవంతా కోసేసి, ‘శనగలు రాత్రే నానబెట్టుకోవాలి’ అంటూ కింద తయారీ విధానం వేశాడు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ కాలంలో ఇంకా నయం, ఫోటోలు తీసేదాకా కూడు ముట్టుకోనివ్వరట.

పెద్ద విషయాలు రాయాలనుందన్నావు. ఇంతకంటే పెద్దదేముంది? హమ్మస్ మాదంటే మాదని కొట్టుకుంటూ, 2010లో ఇజ్రాయెల్ మీద పంతానికి లెబనాన్ వంటవాళ్ళు 10,452 కిలోల హమ్మస్ చేసి రికార్డు కొట్టారు. వాళ్ళ దేశం వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు. కిలోకి చదరపు కిలోమీటరు లెక్కన తూచి పెట్టారు.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు ఉండాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ రాత్రి బిల్లు ఎవరు కట్టారో కనుక్కుని, వ్యాసం తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్ళు సహకరించడం లేదు.