న్యూజిలాండ్ రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్ కెప్టెన్ డేవ్ గాలహర్ సమాధిపై వయసు 41 అని ఉంది. అది సరైనదేనా?

కాదు. గాలహర్ పుట్టింది 1873 అక్టోబర్ 30న, ఐర్లండ్‌లోని డోనెగాల్ కౌంటీ, రామెల్టన్‌లో. చనిపోయింది 1917 అక్టోబర్ 4న. అంటే అప్పటికి 43 నిండి, 44కి ఇంకా 26 రోజులే తక్కువ. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా సైన్యంలో చేరేటప్పుడు వయసు మూడేళ్లు తగ్గించి చెప్పారు. తేడాకు మూలం బహుశా అక్కడే. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో అప్పటికే పోరాడి వచ్చిన మనిషి, ఆ వయసులో మళ్లీ బయల్దేరడం మామూలు విషయం కాదు.

రగ్బీలో ఆయన పేరు నిలిచింది 1905-06 బ్రిటన్ పర్యటనతో. అక్కడ ఆడిన 32 మ్యాచ్‌లలో జట్టు ఓడింది ఒక్కటే, కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 0-3తో. గాలహర్ స్థానం వింగ్ ఫార్వర్డ్. స్క్రమ్ అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు భుజాలు కలిపి, బంతి కోసం ఎదురెదురుగా నెట్టుకోవడం. న్యూజిలాండ్ తరఫున అందులోకి ఎనిమిది మంది బదులు ఏడుగురే దిగేవారు, 2-3-2 వరుసలో. గాలహర్ బయట నిలబడి బంతిని లోపలికి వేసి, అక్కడే ఉండిపోయేవారు. వెనక బంతి అందుకునే హాఫ్‌బ్యాక్ మీదికి ప్రత్యర్థి రావాలంటే ముందు ఈయన్ని దాటాలి. ఇది అడ్డుకోవడమే, ఫౌల్ అని బ్రిటిష్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నా దృష్టిలో అది నిబంధనల్లోని సందును తెలివిగా వాడుకోవడమే.

బెల్జియంలో, పాషెండేల్ పోరులో భాగమైన బ్రూడ్‌సైండె దాడిలో ఫిరంగి గుండు ముక్క గాలహర్ హెల్మెట్‌ను చీల్చుకుని తలలోకి దిగింది. అదే రోజు ప్రాణం పోయింది. సమాధి పొపెరింగె దగ్గరి నైన్ ఎల్మ్స్ శ్మశానంలో ఉంది. రాతిపై చెక్కిన ఫెర్న్ ఆకు రగ్బీ గుర్తు అనుకుంటారు చాలామంది. కానీ అక్కడి న్యూజిలాండ్ సైనికులందరి రాళ్లపైనా అదే ఆకు ఉంటుంది.